హేజెల్ ఎడమ కన్ను

పదింబావుకి రమ్మన్నారు. నేను పదింటికే వెళ్లి కూర్చున్నాను. ఒంటిగంట దాటినా నా పేరు పిలవలేదు. పశువుల ఆసుపత్రిలో కాచుకోవడం నాకు కొత్త కాదు గానీ, ఒళ్లో దిండు గలీబు, అందులో పాము పెట్టుకుని కాచుకోవడం వేరే సంగతి. కుక్కలవాళ్లని అందరూ పలకరిస్తారు. నాకు మాత్రం అటో రెండు కుర్చీలు, ఇటో రెండు కుర్చీలు వదిలేసి కూర్చుంటారు.

హేజెల్ కొండచిలువే గానీ మేకల్ని మింగే రకం కాదు. నాలుగడుగులుంటుంది, వారానికో ఎలుక తింటుంది. పంతొమ్మిదేళ్లుగా నా దగ్గరే ఉంది. నా రెండు పెళ్లిళ్లూ కలిపినా అన్నేళ్లు లేవు.

ఈ చలికాలమంతా ఇంట్లో హీటర్ ఆపకుండా తిరుగుతుంటే గాలి పొడిబారిపోయి, హేజెల్ కుబుసం పేలికలు పేలికలుగా ఊడింది. పాముకి రెప్పలుండవు. కంటి మీద పల్చటి పొర ఒకటుంటుంది. కుబుసంతో పాటు పాత పొర ఊడిపోయి, కింద కొత్తది మిగలాలి. ఎడమ కంటి పొర ఊడలేదు. రెండోసారి కుబుసం విడిచినప్పుడూ ఊడలేదు. దాని కింద చీము పట్టిందంటే కన్ను దక్కదు. పట్టిందో లేదో భూతద్దం పెట్టి చూసి చెబితే చాలు, నేను వచ్చింది అందుకే.

ఆ పొరని పీకకూడదు. మా డులూత్ ఊళ్లో పాములు పెంచే ప్రతివాళ్లకీ ఆ మాట చెప్పింది నేనే. మా పాముల క్లబ్బుకి వచ్చే ఫోన్లు పదకొండేళ్లుగా నేనే ఎత్తుతున్నాను. "తడి తువ్వాల్లో ఉంచు, ఓపిక పట్టు, మళ్లీ కుబుసం విడిచేదాకా దాని మీద చెయ్యి వెయ్యకు, పీకావంటే కింద కొత్త పొర కూడా వచ్చేస్తుంది" అని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఓపిక పట్టలేక పీకేసి, తర్వాత ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్లకి గడ్డి పెట్టాను కూడా.

కౌంటర్లో బ్రియెల్ అనే అమ్మాయి ఉంది. పొద్దున రాగానే, "కుక్కా, పిల్లా?" అని అడిగింది.

"పాము."

"అయ్యో, కంప్యూటర్లో పాము అనేది రావట్లేదండీ. 'ఇతర' అని కొట్టేస్తాను. రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు?"

"తల్లీ, పాముకి రేబిస్ రాదు."

"అది నాకూ తెలుసండీ. ఆ గడి నింపకపోతే కంప్యూటర్ ముందుకి పోనివ్వట్లేదు."

"అయితే నీకు నచ్చిన తేదీ ఏదో వేసుకో."

"అబద్ధం ఎలా వేస్తానండీ?" అని లోపలికి వెళ్లి ఎవరినో అడిగొచ్చింది. అందుకు నలభై నిమిషాలు పట్టింది.

పదకొండింటికి ఒక పెద్దమనిషి లాబ్రడార్‌తో వచ్చాడు. ఎద్దంత కుక్క. నా గలీబు కదలడం చూసి అది మూలిగింది. "మేడమ్, మావాడు కొంచెం సున్నితం. మీరు కాస్త అటు..." అన్నాడాయన. దాంతో నన్ను తలుపు పక్కకి పంపించారు. తలుపు తీసినప్పుడల్లా ఊరి పక్క సరస్సు మీది చలిగాలి తిన్నగా నా మోకాళ్లకి తగిలింది. తెల్లవారుజామున అయిదింటికి లేచి స్కూలు బస్సు ఒక విడత తిప్పి వచ్చాను. మళ్లీ రెండింటికల్లా డిపోలో ఉండాలి. పొద్దుట్నుంచి కడుపులో కాఫీ తప్ప ఏమీ లేదు.

ఒంటిగంటా పదికి పిలిచారు. లోపల డాక్టర్ ప్రూయిట్ లేదు, కాన్పుకి సెలవులో ఉందట. ఈ ఊళ్లో పాము సంగతి తెలిసింది ఆవిడొక్కతికే. ఆ ముక్క ఫోన్లోనే చెప్పి ఏడవచ్చు కదా! ఆవిడ బదులు ఒడెగార్డ్ అనే కుర్ర డాక్టర్ ఉన్నాడు.

"చదువుకునేటప్పుడు ఒక్కసారే పట్టుకున్నానండీ," అన్నాడు దాచుకోకుండా. "అదీ మత్తిచ్చిన పాము."

"ఇదేమీ అనదు. మీరు కన్ను చూడండి చాలు."

భూతద్దం కోసం సొరుగులన్నీ వెతికాడు. దొరకలేదు. ప్రూయిట్ గదిలో ఉందట, ఆ గదికి తాళం. చివరికి ఫోన్ లైటు వేసి చూసి, చీము ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు అన్నాడు.

"ఆ సంగతి మా వంటింట్లోనే తెలుసు నాకు," అన్నాను.

అతను నొచ్చుకోలేదు. "అయితే రెండే దారులండీ. ఇంకో నెల ఆగి చూడటం, లేకపోతే పట్టకారుతో అంచు లేపి ఇప్పుడే తీసేయడం. నాకంటే మీరే ఎక్కువ పాముల్ని చూసుంటారు. మీరెలా చెబితే అలా చేస్తాను."

గోడ గడియారం ఒకటీ ముప్పై అయిదు చూపిస్తోంది. వద్దు అనే మాట నా నాలుక మీదే ఉంది. కానీ వద్దంటే ఇంకో నెల తడి తువ్వాళ్లు, మళ్లీ ఈ తలుపు పక్క కుర్చీ, మళ్లీ ఆ గడి నింపడం. ప్రాణం విసిగిపోయింది.

"తీసేయండి. ఒక పనైపోతుంది," అన్నాను.

"నిజంగానా?"

"అయ్యా, నాకు బస్సు టైమవుతోంది."

తలని రెండు వేళ్ల మధ్య నేనే పట్టుకున్నాను. పంతొమ్మిదేళ్లుగా పట్టుకుంటున్న చెయ్యి కదా, హేజెల్ పెనుగులాడలేదు. మొత్తం రెండు క్షణాల పని.

"వచ్చేసింది!" అన్నాడు సంబరంగా.

పట్టకారు చివర పొరలు రెండున్నాయి. ఒకటి ఎండిపోయి పచ్చబడింది. రెండోది తేటగా, తడిగా ఉంది. హేజెల్ తల వెనక్కి గుంజుకుంది. కంట్లోంచి నీరు కారింది.

"ఈ రెండోది కూడా రావాలాండీ?" అని అడిగాడు.

"రాకూడదు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. కంట్లో మందు వేసి, యూనివర్సిటీ పశువుల ఆసుపత్రికి ఫోన్ చేసి వస్తానని పరిగెత్తాడు. బ్రియెల్ తొంగి చూస్తే, బస్సుకి రాలేనని మా డిపోకి చెప్పమన్నాను. నిమిషంలో తిరిగొచ్చింది. "వేరే డ్రైవర్ ఉన్నాడటండీ. కంగారు పడొద్దన్నారు."

ఒడెగార్డ్ వచ్చి నిలబడే మాట్లాడాడు. ఆ కన్ను ఎండిపోతుందట, బహుశా తీసేయాల్సి వస్తుందట.

"చీముందా మరి?" అని అడిగాను.

"లేదండీ. లోపల శుభ్రంగా ఉంది. క్షమించండి. తప్పు నాదే," అన్నాడు.

పొద్దుట్నుంచి ఎవరు దొరుకుతారా, కడిగేద్దామా అని చూస్తున్నాను. తీరా ఆ మనిషి ఎదురుగా తల దించుకుని నిలబడ్డాడు.

"మీరు అడిగారు బాబూ," అన్నాను. "చెప్పింది నేను."

గలీబు మూతి తెరిచి పట్టుకున్నాను. హేజెల్ అందులోకి పోలేదు. నా మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని, నొప్పిగా ఉన్న ఆ తల తీసుకొచ్చి నా అరచేతి కిందే దాచుకుంది.