గూచ్ చేతిలో పిన్‌పాయింటర్

నైజెల్ గూచ్ తన పిన్‌పాయింటర్‌ను, అదే లోహం దగ్గరకొస్తే మోగే ఆ చిన్న చేతి పరికరాన్ని, చూసుకునే తీరు ఒక్కసారి చూస్తే, వాడి చేతికి కుక్కపిల్లనైనా ఇవ్వబుద్ధి కాదు. మట్టి అంటుకున్నది అంటుకున్నట్టే ఒరలో దోపేస్తాడు. గడ్డలు చితక్కొట్టడానికి దాని మొననే వాడతాడు, చేతిలో పార ఎందుకున్నట్టో. చలికాలమంతా బ్యాటరీ లోపలే వదిలేస్తాడు. గుంతలో వస్తువు ఏ మూల ఉందో చెప్పడానికిరా అది, గునపం కాదు అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. ఇంటికి రాగానే గోరువెచ్చని నీళ్ళతో కడుగు, బ్యాటరీ తీసి పక్కన పెట్టు, మూత దగ్గరి రబ్బరుకు కాస్త గ్రీజు రాయి అని చెబితే, "దాన్నేమైనా పెళ్ళాడావా క్లైవ్?" అని ఇకిలించేవాడు.

ఆ ఆదివారం థర్టిల్ వాళ్ళ గేటు పొలంలో వాడి పిన్‌పాయింటర్ చచ్చింది. బ్యాటరీ కారి లోపలంతా చిలుము పట్టింది. ఏం చేస్తాం, నాది ఇచ్చాను. రోజంతా వాడి దగ్గరే ఉంది.

ఆ పొలంలోకి గూచ్‌ను తీసుకెళ్ళింది కూడా నేనే. స్టాన్ థర్టిల్ బతికున్న రోజుల్లో గేటు తాళంచెవి నా ఒక్కడికే ఇచ్చాడు. నార్ఫోక్‌లో, డిటెక్టర్లతో పొలాల్లో పాత లోహపు వస్తువులు వెతికే మాలాంటి వాళ్ళకు అంతకంటే గౌరవం లేదు. స్టాన్ తన పెళ్ళి ఉంగరాన్ని ఆ గేటు పొలంలోనే ఎక్కడో జారవిడుచుకున్నాడు. ఆసుపత్రి మంచం మీద నా మణికట్టు పట్టుకుని, అది వెతికి తన భార్య మోరీన్ చేతిలో పెట్టమన్నాడు. సరేనన్నాను. స్టాన్ పోయాడు. మోరీన్ ఆ పొలం అమ్మేసింది. ఇంక వారం తిరిగేలోగా ఇళ్ళు కట్టేవాళ్ళ యంత్రాలు దిగుతాయి. ఆలోగా ఆ ఉంగరం నా చేత్తో ఆవిడ చేతిలో పెట్టాలి, నాకు కావలసింది అంతే.

అంతే అంటే పూర్తిగా అంతే కాదులెండి. థర్టిల్ వాళ్ళ ఇంటి వెనక వాగు అవతల ఒక పచ్చిక బీడు ఉంది. దాని మీద ఎప్పుడూ నాగలి పడలేదు, అంటే పాతవి ఎక్కడివక్కడే ఉంటాయి. స్టాన్ అందులోకి ఎవరినీ, నన్ను కూడా, అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. ఉంగరం తెచ్చినవాళ్ళను ఆ బీడులో వెతుక్కోనిస్తానని మోరీన్ మా ఇద్దరి ముందే అంది. ఆ మాటకు గూచ్ కళ్ళు ఎలా మెరిశాయో నేను చూశాను. నా కళ్ళు ఎలా ఉన్నాయో నాకు తెలియదు.

సాయంత్రం చినుకులు మొదలయ్యాక గేటు పక్కన నా డిటెక్టర్ పలికింది. స్పష్టమైన మోత. పారతో పెళ్ళ తీసి పక్కకు తిప్పాను. తూటా అడుగున ఉండే ఇత్తడి బిళ్ళ ఒకటి పెళ్ళతోపాటే పైకి వచ్చింది. ప్రాణం ఉసూరుమంది. అయినా ఒక వస్తువు దొరికిందని గుంతను వదిలేయకూడదు. లోపల ఇంకొకటి ఉందేమో చూసుకున్నాకే పూడ్చాలి. నా మోకాళ్ళు ఒంగే స్థితిలో లేవు. గూచ్ తనే చూస్తానని మోకరిల్లి పిన్‌పాయింటర్ గుంతలో పెట్టాడు. డిటెక్టర్, పిన్‌పాయింటర్ పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి గందరగోళపెడతాయి కాబట్టి నా డిటెక్టర్ ఆపేశాను. వాడు అడుగంతా తడిమాడు, నాలుగు గోడలూ తడిమాడు. చప్పుడు లేదు.

"ఏం లేదు, పూడ్చెయ్," అన్నాడు.

పూడ్చి, పెళ్ళ వేసి, మడమతో తొక్కాను. డిటెక్టర్ మళ్ళీ వేసి ఒక్కసారి తిప్పితే నా సొమ్మేం పోయేది? వాన పడుతోందని తిప్పలేదు. వెళ్తూ వెళ్తూ మోరీన్ గుమ్మంలో ఆగి, గేటు పక్కంతా అయిపోయిందండీ, అక్కడ లేదు అని చెప్పాను. ఆవిడ తల ఊపి తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున వంటింట్లో సింకు దగ్గర నా పిన్‌పాయింటర్ ముందేసుకుని కూర్చున్నాను. గూచ్ దాని ఒరనిండా బురద నింపి ఇచ్చాడు. పాత పళ్ళ బ్రష్షుతో తోమి, తుడిచి, పని చేస్తోందో లేదోనని కుళాయికి ఆనించాను. మోగలేదు. కొత్త బ్యాటరీ వేశాను, అయినా మోగలేదు. నాది కీచుమంటే పక్క పొలంలోకి వినబడేది. ఒక్కరోజులో చంపేశాడు వెధవ అని గూచ్‌ను వాడి తాతల దాకా తిట్టాను.

మా ఆవిడ బెరిల్ ఆ తిట్లు భరించలేక దాన్ని నా చేతిలోంచి లాక్కుంది. కుళాయి పక్కన పట్టుకుని నా మొహంలోకి చూసింది.

"పాడవడమేంటి క్లైవ్? ఇది నా చేతిలో గడగడా వణుకుతుంటేనూ."

దాన్ని మోగేలా పెట్టుకోవచ్చు, మోగకుండా చేతిలో వణికేలానూ పెట్టుకోవచ్చు. జీవితమంతా రోడ్లు పగలగొట్టే డ్రిల్లు పట్టి నా వేళ్ళు మొద్దుబారాయి, వణుకు నాకు తెలియదు. అందుకే నేనెప్పుడూ మోతలోనే ఉంచుతాను. దాన్ని వణుకులోకి మార్చింది గూచ్. అంటే నిన్న ఆ గుంతలో అది వాడి చేతికి మాత్రమే ఏదో చెప్పి ఉండాలి.

టీ కూడా తాగకుండా కారెక్కాను. గేటు పక్కన నేను తొక్కిన పెళ్ళ మళ్ళీ లేచి ఉంది. అంచులు కొత్తగా కోసినవి, మట్టి ఇంకా తడిగానే ఉంది. అంత కోపం నాకు ఈ మధ్యకాలంలో రాలేదు.

మోరీన్ ఇంటి ముందు గూచ్ వ్యాను ఉంది. వాడు వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు. ఉంగరం మోరీన్ బొటనవేలికి ఉంది. ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రాత్రంతా మనసు ఊరుకోక తెల్లవారగానే గేటు ఎక్కి దిగి వెతికానని గూచ్ అప్పటికే చెప్పి ఉన్నాడు. నేను కూర్చోలేదు.

"నిన్న నా పిన్‌పాయింటర్ వణుకులో ఎందుకు పెట్టావురా?"

మోత తనకు చిరాకని, పొద్దున్నుంచీ అలాగే పెట్టుకున్నానని అన్నాడు. గుంతలో మాత్రం ఏమీ తెలియలేదట.

"తెలియకపోతే ఇంత పొలంలో తెల్లారగానే అదే గుంత ఎందుకు తవ్వావు?"

వాడు చక్కెర అప్పటికే కరిగిపోయిన టీని కలుపుతూ కూర్చున్నాడు. నేను మోరీన్ వైపు తిరిగి అంతా చెప్పాను. కుళాయి సంగతి, బెరిల్ చేతిలో వణికిన సంగతి, మూసేసిన గుంత సంగతి. చెబుతుంటే నా గొంతు నాకే ఏదో చాడీలు చెప్పేవాడి గొంతులా వినిపించింది. ఆవిడ మధ్యలో ఆపలేదు, వాడి వైపు చూడనూ లేదు. ఉంగరాన్ని వేలి మీద తిప్పుకుంటూ విన్నది.

"మీరు చెప్పేది నిజమే అయి ఉంటుంది," అంది చివరికి. "ఇతను మంచివాడని నేననడం లేదు. కానీ గుమ్మంలో నిలబడి అక్కడ లేదని చెప్పింది మీరు, క్లైవ్."

స్టాన్ నన్ను అడిగాడండీ అన్నాను.

"మిమ్మల్నే అడిగాడు. నేనూ మీ మాటే నమ్మాను. ఇతనూ నమ్మి ఊరుకుని ఉంటే స్టాన్ ఉంగరం మీద ఎవరో వంటిల్లు కట్టుకునేవాళ్ళు."

మాట ప్రకారం బీడు ఇతనికే అని, గేటు తాళంచెవి అక్కడ పెట్టి వెళ్ళమంది. నేను కోటు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను. అది ఎవరు తీసుకున్నారో చూడటానికి ఆగలేదు.