ఓడు అన్న మాట

నంద్యాల నుంచి బళ్ళారి దగ్గర కంప్లికి కోడలిగా వచ్చిన కొత్తలో నాకు ఒళ్ళు మండేది ఒక్కదానికే, మా ఆయన జగదీశ్ భాషకి. పేరుకు తెలుగే. నోరు తెరిస్తే సగం కన్నడం. మొదటిసారి అన్నం వడ్డిస్తుంటే "సాకు, సాకు" అన్నాడు. ఏం సాకో చెప్పకుండా ఊరికే సాకు సాకు అంటే నాకేం తెలుస్తుంది? ఇంకో గరిటె వేశాను. మళ్ళీ సాకన్నాడు, మళ్ళీ వేశాను. కంచం నిండా అన్నం పెట్టుకుని ఆ మనిషి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. కన్నడంలో సాకంటే చాలు అని అర్థమట. మా అత్త తిమ్మమ్మ ఆ సంగతి చెప్పి కడుపు పట్టుకుని నవ్వింది.

"మీది తెలుగు కాదు, కలగూరగంప" అని దెప్పేదాన్ని.

"గంపైతే ఏమాయ? కడుపు నింపుతాది గదే" అనేవాడు.

పెళ్ళైన రెండో ఏడు ఆయన ఎండుమిరప లోడుతో నాగపట్నం పోతుంటే నేనూ లారీ ఎక్కాను. సముద్రం చూడాలని పట్టు. తుంగభద్రకు నీళ్ళొస్తేనే నోరు తెరుచుకుని చూసేదాన్ని మరి. క్రిస్మస్ నాడు చేరాం. మర్నాడు ఆదివారం, లోడు దించడానికి హమాలీలు లేరు. లారీని ఊరవతల రోడ్డు పక్కన పెట్టి, పొద్దున్నే ఆటోలో ఒడ్డుకు పోయాం.

ఆయన టీకొట్టు దగ్గర ఆగాడు. నేను ముందుకు పోయాను. ఇసుకలో గోనెపట్టా పరుచుకుని ఒకామె గవ్వల దండలు అమ్ముతోంది. నాకంటే పదేళ్ళు పెద్దదేమో. నాకు తమిళం రాదు, ఆమెకు తెలుగు రాదు. బేరానికి భాషెందుకు? ఆమె వేళ్ళు చూపిస్తే నేను అందులో సగం చూపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది, నేనూ ఊపాను. సముద్రానికి వీపు పెట్టి మొండిగా నిలబడ్డాను. ఆ విషయంలో మా పుట్టింటి వాళ్ళని మించినవాళ్ళు లేరు.

ఉన్నట్టుండి ఆమె నా భుజం మీదుగా చూసి లేచింది. ముఖంలో నెత్తురు లేదు. "ఓడు! ఓడు!" అని అరిచింది.

ఓడిపొమ్మంటుందా నన్ను? ఒక గవ్వల దండ దగ్గర?

"నేనేంటికి ఓడల్ల? నువ్వే ఓడు!" అన్నాను నడుం మీద చెయ్యి పెట్టుకుని.

ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. చుట్టూ అందరూ పరిగెత్తుతున్నారు. ఆమె కూడా పోయి ఉండొచ్చు. పోలేదు. నాలుగడుగులు వేసినది వెనక్కి వచ్చి, నా రెండు భుజాలూ పట్టుకుని ఊపి, మళ్ళీ అదే మాట అరిచి, ఊరివైపు తోసింది.

అప్పుడు వినబడింది వెనకాల చప్పుడు. వంద లారీలు ఒకేసారి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టు.

మా ఆయన టీ గ్లాసు పారేసి ఎదురొచ్చాడు. సముద్రం వైపు చూడనే లేదట, ఆ మాట వినే కదిలాడు. తమిళంలో లాగే కన్నడంలోనూ ఓడు అంటే పరిగెత్తమనే. నా చెయ్యి పట్టి లాగాడు. "ఓడే! పరిగెత్తే తల్లీ!" అంటూనే ఉన్నాడు. చెప్పులు పోయాయి, మోకాలు చీరుకుపోయింది. ఒక మేడ మెట్లెక్కి పైకి చేరేసరికి కింద వీధి లేదు. నల్లటి నీళ్ళు, పడవలు, మంచాలు, మనుషులు.

ఆమె మా వెనకే వస్తోందనుకున్నాను. లేదు.

ఆ పొద్దున ఎక్కడో సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కదిలిందని తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే. నా పొగరు వల్ల ఒక మనిషి ఆగిపోయింది. నీళ్ళు తగ్గాక లారీ దగ్గరికి పోదామని ఆయనంటే కదలనన్నాను.

"ఆ యమ్మ కనపడేదాకా నేను యాడికీ రాను."

పేరు తెలియదు, ఇల్లు తెలియదు. జనాన్ని చేర్చిన పెళ్ళి మండపంలో ఒక్కొక్క ఆడమనిషి ముఖం చూసుకుంటూ తిరిగాను. ఎవరు కావాలని అడిగినవాళ్ళకు మెడలో దండ వేసుకున్నట్టు చేత్తో చూపించాను. బిడ్డల కోసం ఏడుస్తున్నవాళ్ళ మధ్య ఆ సైగలు చేయడానికి సిగ్గేసింది. అయినా మానలేదు.

మధ్యాహ్నం దాటాక, వంటలు చేస్తున్న చోట గోడకు ఆనుకుని కూర్చుని కనిపించింది. తలకు కట్టు ఉంది. నన్ను చూసి ఆమే ముందు లేచింది. నేను కాళ్ళ మీద పడి, ఆపుకోలేక గట్టిగా ఏడ్చాను. ఆమె నన్ను లేపి, నా మోకాలు చూసి, అక్కడున్న నర్సును కేకేసింది.

పేరు అంజలై. కొబ్బరిచెట్టును కరుచుకుని బతికిందట. ఇల్లు పోయింది, అక్క పోయింది. మా ఆయన తన కన్నడానికి లారీ దారుల్లో ఏరుకున్న తమిళం కలిపి, నా తరఫున అడిగాడు, ఎందుకు ఆగావని. ఆమె ఏదో చెప్పింది.

"ఏమంటాంది? చెప్పయ్యా" అన్నాను.

"'మాకు సముద్రం తెల్సు, ఆ పిల్లకు ఏం తెల్సు పాపం' అంటాండాది."

ఇరవయ్యేళ్ళు దాటింది. ఏటా మా చేలో మొదటి కోత మిరపకాయలు అంజలైకి పోతాయి, ఎండుచేపలు మాకొస్తాయి. ఇప్పుడు నాకు కన్నడం వచ్చు, ఫోన్లో పోట్లాడేంత తమిళమూ వచ్చు. ఆమె ఫోన్ పెట్టేసేలోగా మా పిల్లల్ని పిలిచి మాట్లాడిస్తాను. ఇద్దరు. ఇద్దరూ ఆ డిసెంబరు తర్వాత పుట్టినవాళ్ళే.