రెండో మనిషి

ఫ్లష్ నొక్కబోతూ కిందికి చూసిన ఆమెకు ఒళ్ళు జలదరించింది: మలం తారులా నల్లగా, జిగటగా పడింది.

అదేమిటో ఆమెకు తెలుసు. రెండు నెలల కిందట కడుపులో పుండు ఉందని కనిపెట్టిన రోజున డాక్టరమ్మ చూపుడువేలు ఆడించి మరీ చెప్పింది. "తారులా నల్లగా పడిందంటే లోపల రక్తం కారుతున్నట్టే. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనొద్దు. ఆ పూటే రావాలి." సరే, కానీ అది నొప్పి మాత్రలు మానని వాళ్ళకు కదా! తను మానేసింది. పళ్ళు బిగబట్టి మానేసింది. మరి ఈ నలుపు ఎక్కణ్ణుంచి వచ్చింది? రాత్రి ఏం తింది? అందరూ తిన్నదే, అందరి తర్వాత తింది. గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. చెవుల్లో హోరు. నుదుటిమీద చల్లటి చెమట.

"ఏమోయ్, లోపలే కాపురం పెట్టావా? అవతల టీ చల్లారిపోతోంది!"

"వస్తున్నానండీ."

గొంతు మామూలుగానే పలికింది. ఇన్నేళ్ళ సంసారంలో ఆమె బాగా నేర్చిన విద్య అది. లోపల కొంపలంటుకుంటున్నా గొంతు మాత్రం మామూలుగా పలికించడం.

ముందు గదే వాళ్ళ షాపు. బయట బోర్డు మీద భర్త పేరు, దాని కింద 'కర్టెన్ మాస్టర్' అని పెద్ద అక్షరాలు. కొలతలు తీసేది మాస్టరు, బేరాలాడేది మాస్టరు. గుడ్డ కత్తిరించేది, కుచ్చులు పట్టేది, లైనింగ్ వేసేది, ఇస్త్రీ చేసేది, ఆఖరికి నిచ్చెనెక్కి కడ్డీకి తగిలించి వచ్చేది ఆమె. "మా ఆవిడ కాస్త చేతిసాయం చేస్తుంటుంది" అని ఆయన కస్టమర్లతో అంటూ ఉంటాడు. ఆ కాస్త సాయానికే ఆమె కుడి భుజం పోయింది. వెలుతురు చొరబడని ఆ మందపాటి కర్టెన్లు తడిసిన దుప్పటంత బరువుంటాయి. వాటిని తలకన్నా ఎత్తుకు లేపి, ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కొక్కేలు తగిలించాలి. కొన్నాళ్ళకు జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు.

మందుల షాపులో అడిగితే ఒక నొప్పి మాత్ర ఇచ్చారు. అది చాలనిరోజు అత్తగారి మోకాళ్ళ మాత్ర కూడా మింగేది. రెండూ ఒకే జాతి మందులని ఆమెకేం తెలుసు? పైగా పరగడుపున. అందరికీ వడ్డించి, అంట్లు తోమి, మిషను ముందు కూర్చుని, రెండు తెరలు పూర్తయ్యాక గాని ఆమెకు తిండి గుర్తు రాదు. నొప్పి మాత్రం పొద్దున్నే గుర్తొచ్చేది. కడుపులో మంట మొదలైతే మజ్జిగ తాగి సరిపెట్టుకుంది. ఆ మంట ఒకరోజు ఆమెను మిషను మీదే వాల్చేసింది.

ఆ రోజు డాక్టరమ్మ గదిలో ముగ్గురూ ఉన్నారు, ఆమె, భర్త, అత్తగారు.

"మా ఆవిడ చెబితే వినదండీ. మాత్రలంటే చాక్లెట్లనుకుంటుంది" అన్నాడాయన ముందుగానే. ఆమె తలొంచుకుంది, తప్పంతా తనదేనన్నట్టు.

"మాత్రలు చెడ్డవని కాదు" అంది డాక్టరమ్మ. "తిన్నాక, ఒకే రకం, తక్కువ మోతాదు, తక్కువ రోజులు వాడితే చాలామందికి మేలే చేస్తాయి. కానీ పుండు పడ్డ కడుపుకి ఇక అవి వద్దు. మీ అత్తగారికి కిడ్నీలు నీరసించాయి, బీపీ మందు కూడా వాడుతున్నారు, ఆవిడకి అసలే వద్దు." తర్వాత భుజం సంగతి చెప్పింది. వేడి కాపడం పెట్టుకోవాలి. గోడ దగ్గర నిలబడి వేళ్ళతో పైకి పాకే వ్యాయామం రోజూ చెయ్యాలి. మరీ ఓర్చుకోలేకపోతే పారాసిటమాల్, అదీ రాసిచ్చిన మోతాదు దాటకుండా. "అన్నిటికన్నా ముఖ్యం, ఆ బరువు కర్టెన్ ఒక్కరే ఎత్తకూడదు. ఇద్దరు పట్టుకోవాలి."

"రెండో మనిషిని ఎక్కణ్ణుంచి తెచ్చేదండీ?" అని నవ్వాడాయన.

డాక్టరమ్మ కళ్ళద్దాల పైనుంచి ఆయన్ని తేరిపార చూసింది. ఆయన కిటికీ తెరను చూశాడు. "కుచ్చులు సరిగా పట్టలేదు దీనికి" అన్నాడు.

ఇంటికి రాగానే ఆయన తల్లి నొప్పి మాత్రలన్నీ ఏరి చెత్తబుట్టలో పారేశాడు. "చూశావా, నా కొడుక్కి నేనంటే ప్రాణం" అని అత్తగారు పొంగిపోయింది.

మాత్రలు మానిన తొలిరోజులు నరకం. కర్టెన్ ఎత్తినప్పుడల్లా అరుపు తన్నుకొచ్చేది. "ఆ మూలుగులేమిటి? బయట కస్టమర్లున్నారు, ఎవరో పురుడు పోసుకుంటున్నారనుకుంటారు" అనేవాడు. ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుని పని చేసింది. గోడకు పాకింది. వేడినీళ్ళ సంచి భుజాన వేసుకుని కుట్టింది. నెమ్మదిగా, నమ్మలేనట్టుగా, నొప్పి సద్దుమణిగింది. చెయ్యి భుజం దాటింది, చెవి దాటింది. తన ఒంటిని తానే బాగుచేసుకోగలిగానన్న గర్వం ఆమెకు జీవితంలో అదే మొదటిసారి. "వ్యాయామం పనిచేస్తోందండీ!" అని భర్తకు చెయ్యెత్తి చూపించింది. ఆయన ఆమెను వింతగా చూసి, "మంచిదే" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ గర్వమే ఇప్పుడు బాత్రూములో గోడకు ఆనుకుని వణుకుతోంది.

బయటికొచ్చేసరికి టేబుల్ మీద టీ గ్లాసు, పక్కన భర్త. "ఇవాళ హోటల్ వాళ్ళ తెరలన్నీ తగిలించాలి, గుర్తుందిగా? నిచ్చెన పంపించేశాను. తాగి బయల్దేరు." ఆసుపత్రి మాటెత్తితే ఏమంటాడో ఆమెకు తెలుసు. కిందటిసారే అన్నాడు, "ఆసుపత్రి నీకు పుట్టిల్లయిపోయింది" అని. గ్లాసు ముట్టుకోబుద్ధి కాలేదు.

"కొక్కేలు తక్కువున్నాయండీ. తెచ్చి తాగుతాను" అని చెప్పి, చెప్పులేసుకుని వీధిలోకి నడిచింది. మలుపు తిరగ్గానే ఆటో ఎక్కింది. ఆటోలో కళ్ళు బైర్లు కమ్మాయి. పడిపోతే ఈ డ్రైవరు ఎవరికి ఫోన్ చేస్తాడు? భర్తకే. ఆయన ముందడిగేది ఏమిటి? కొక్కేలు తెచ్చిందా అని.

ఆమె చెప్పింది విని, నాడి చూసి డాక్టరమ్మ కంగారు పడింది. "ఐరన్ మాత్రలేమైనా వాడుతున్నారా? వాటికీ నల్లగానే వస్తుంది."

"లేదండీ."

ఆ తర్వాత అంతా పరుగులే. సెలైన్, రక్తపరీక్ష, గొంతులోంచి కెమెరా గొట్టం. పుండు మళ్ళీ నోరు తెరిచింది. గొట్టంలోంచే రక్తం కట్టేలా చేశారు. మంచం మీద పడుకోబెట్టాక డాక్టరమ్మ పక్కన కూర్చుంది.

"ఇంకో రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో నేను చెప్పను. ఇప్పుడు నిజం చెప్పండి. ఏ మాత్ర వేసుకున్నారు?"

"వేసుకోలేదండీ."

"మాత్ర తనంతట తాను కడుపులోకి నడిచి వెళ్ళదమ్మా."

"మా అమ్మ మీదొట్టు."

పుండు మానే మందు సరిగా వాడుతున్నారా అని అడిగింది. ఒక్కపూట కూడా తప్పలేదు. డాక్టరమ్మ కేసు కాగితాలు మళ్ళీ తిరగేసింది. "పోనీ, ఆకు మందనీ మోకాళ్ళ పొడనీ ఎవరైనా ఇచ్చారా? వాటిల్లో ఈ మాత్రలే నూరి కలిపేవాళ్ళు ఉన్నారు."

ఇచ్చారు. అత్తగారి స్నేహితురాలు ఒక సీసా ఇచ్చింది. దాని మూత కూడా తియ్యలేదు, అలమరలో అలాగే ఉంది. ఇంకేముంది? "మీ నోట్లోకి వెళ్ళేవన్నీ గుర్తు తెచ్చుకోండి. మీరు స్వయంగా చేసుకోనిది ఏదైనా ఉందా?" అని అడిగి డాక్టరమ్మ లేచి వెళ్ళింది.

ఆ ప్రశ్నకు ఆమెకు నవ్వొచ్చింది. తను చేసుకోనిదా! ఆ ఇంట్లో ఆమె చెయ్యి పడకుండా ఒక్క మెతుకు ఎవరి నోట్లోకీ వెళ్ళదు. అన్నం ఆమె వండాలి, కూర ఆమె తరగాలి, పాలు ఆమె కాచాలి, మంచినీళ్ళ సీసాలు ఆమె నింపాలి. అత్తగారి బీపీ మాత్ర అరచేతిలో పెట్టి గ్లాసు అందించేది కూడా ఆమే. జ్వరం వచ్చినరోజు తన గంజి తానే కాచుకుంది. ఎన్నిసార్లు ఏడ్చింది దీని గురించి! "ఒక్కపూట ఎవరైనా చేసిపెడితే బాగుండు" అని ఎన్నిసార్లు అనుకుంది! అలా అనుకుంటూ ఉండగానే కదా ఒకరోజు ఆ అద్భుతం జరిగింది...

నవ్వు ఆగిపోయింది.

టీ.

మాత్రలు మానిన కొద్దిరోజులకే ఆయన పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, "నువ్వు కూర్చో, నేను పెడతా" అన్నాడు. అందరికీ కాదు, ఆమెకొక్కదానికే ఒక్క గ్లాసు. అది వీధంతా పాకింది. "పెట్టి పుట్టావమ్మా, మొగుడు టీ పెట్టి చేతికిస్తాడట" అని పక్కింటివాళ్ళు కుళ్ళుకున్నారు. అత్తగారు మూతి ముడిచింది. టీలో అల్లం ఘాటు, పంచదార పాకం, ఆ అడుగున ఏదో చేదు. మగాడు పెట్టిన టీ, అలాగే ఉంటుందిలే అనుకుంది. ఇన్నేళ్ళకి ఒక్క గ్లాసు అందితే వంకలు పెడతామా? చుక్క మిగల్చకుండా తాగింది. ఆయన ఎదురుగా నిలబడి, తాగేదాకా చూసి, గ్లాసు తానే కడిగేవాడు. ఆ గ్లాసు కడగడం చూసి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

భుజం నొప్పి తగ్గింది కూడా అప్పట్నుంచే.

అయితే గోడకు పాకిన ఆ పాకుడంతా? చెవి దాటిన ఆ చెయ్యి? అది కూడా తనది కాదా? రక్తం పోయినదానికన్నా ఆ ఆలోచనకు ఆమె ఎక్కువగా వణికింది. కాదు, ఊహ. ఎవరైనా అలా చేస్తారా? రుజువేది? అడిగితే "నీకు పిచ్చి పట్టింది" అంటాడు. అందరూ అవునంటారు.

తలుపు తోసుకుని ఆయనే వచ్చాడు. వెనకే అత్తగారు, రొప్పుతూ.

"కొక్కేలని చెప్పి ఇక్కడ పడుకున్నావా? ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేసేదాకా మాకు నీ అయిపూ అజా తెలీదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "సాయంత్రానికి పంపిస్తారా? హోటల్ వాడు చంపుకుతింటున్నాడు. ఇదుగో, పొద్దున టీ తాగకుండా వచ్చేశావ్" అని సంచిలోంచి ఫ్లాస్కు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆమె ఫ్లాస్కును చూసింది. ఆయన్ని చూసింది. లేచి కూర్చుంది. సెలైన్ సూది లేని చేత్తో కప్పులాంటి మూత తిప్పి, అందులోకే టీ వంచింది.

"నన్నేమీ తాగొద్దన్నారు. అత్తయ్యా, మీరు పొద్దుట్నుంచీ ఏమీ తాగినట్టు లేదు."

"ఎక్కడమ్మాయ్! నువ్వు లేకపోతే నాకు టీ ఇచ్చే నాథుడెవడు?" అంటూ అత్తగారు చెయ్యి చాచింది. ఆమె కప్పు అందించింది గాని వదల్లేదు. రెండు చేతులు ఒకే కప్పు మీద. ఆమె కళ్ళు మాత్రం ఆయన మొహం మీద.

కప్పు అత్తగారి పెదవుల దాకా వెళ్ళింది.

"అమ్మా, వద్దు!" ఆయన ఒక్క దూకు దూకి కప్పును కొట్టేశాడు. టీ తెల్లటి దుప్పటి మీద చిందింది. "నీ కిడ్నీలకి..."

మాట సగంలో తెగింది.

అత్తగారు తడిసిన చేతిని చూసుకుంది. కోడలి మొహం చూసింది, పాలిపోయిన ఆ పెదవులు చూసింది. "నాకు పడనిది దీనికెలా పడిందిరా?" అంది మెల్లగా. "ఏం కలిపావురా ఇందులో?"

దుప్పటి మీది మరక ఆరకముందే ఆమె నర్సును పిలిచే గంట నొక్కింది. డాక్టరమ్మను పిలిపించాలి, ఈ ఫ్లాస్కు ఆవిడకు అప్పగించాలి, ఇక్కణ్ణుంచి ఆ ఇంటికి మాత్రం వెళ్ళకూడదు. అంతవరకూ నిశ్చయించుకుని, ఫ్లాస్కును ఒళ్ళో పెట్టుకుని, ఆయన వైపు చూస్తూ కూర్చుంది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"నిన్ను చంపాలని కాదు. ఒట్టు. మొదట నీ పాత నొప్పి మాత్ర సగమే నూరి కలిపాను. నువ్వు మూలగడం మానేశావ్. ఇల్లు మళ్ళీ మామూలుగా నడిచింది. చెయ్యెత్తి నవ్వుతూ చూపించావే, ఆ రోజు ఆపేద్దామనే అనుకున్నాను. కానీ హోటల్ ఆర్డరొచ్చింది, సగం కాస్తా ఒకటి చేశాను. నీ నొప్పి చూడలేక చేశానని చెబుదామనే దారంతా అనుకుంటూ వచ్చాను. అది కాదు. ఆ డాక్టరమ్మ ఇద్దరు ఎత్తాలంది చూడు, అప్పుడే నాకు భయం పట్టుకుంది. నీకు నొప్పి ఉందని ఒప్పుకుంటే, ఆ రెండో మనిషి నేనే అవ్వాలి."