రెండో సంతకం

పెళ్ళయి నలభై రోజులు కూడా నిండలేదు కాబట్టి ఆసుపత్రిలో అందరూ ఆ అమ్మాయిని కొత్తపెళ్ళికూతురనే పిలిచేవారు. ఆమెకూ ఆ పిలుపు తియ్యగానే ఉండేది. టిఫిన్ డబ్బా మూత కనపడకపోయినా నవ్వొచ్చే రోజులవి. ఆ ఉదయం నిజంగానే కనపడలేదు. మొగుడూ పెళ్ళాలిద్దరూ మంచం కింద దూరి వెతికారు, తలలు ఢీకొట్టుకున్నారు, ఒక్కసారి తగిలితే కొమ్ములొస్తాయని మళ్ళీ ఢీకొట్టుకున్నారు. మూత ఆయన బ్యాగులోనే దొరికింది. ఆమె డ్యూటీకి మాత్రం పాతిక నిమిషాలు ఆలస్యమైంది.

ఆమె పని ఆసుపత్రి నేలమాళిగలో, ఆపరేషన్ కత్తులూ కత్తెరలూ ఆవిరిలో పెట్టి శుద్ధి చేసే గదిలో. కడిగిన సామాను గుడ్డలో మూట కట్టి, పైన టేపు అంటించి, పెద్ద స్టీలు యంత్రంలోకి తోయాలి. ఆ టేపు మీద లేతరంగు గీతలుంటాయి. ఆవిరి సరిపడా తగిలితేనే అవి నల్లబడతాయి. మూట లోపల పెట్టే పరీక్ష పట్టీలు వారం నుంచి స్టాకు లేవు కాబట్టి ఇప్పుడు అన్నిటికీ ఆ గీతలే సాక్ష్యం. నలుపు కనపడితే ఆమె రిజిస్టర్లో సంతకం పెడుతుంది. గది ఇన్‌చార్జి చూసి రెండో సంతకం పెడుతుంది. అప్పుడే మూట పైకి వెళ్ళాలి.

యంత్రం సగంలో ఉండగా థియేటర్ నుంచి ఫోనొచ్చింది, పది గంటల కేసుకి సెట్టు ఇంకా రాలేదేమని. ఆలస్యానికి ఆమెకు పోయిన వారమే ఒక మెమో వచ్చింది. రెండోది వస్తే ఉద్యోగం ఉండదు. యంత్రం ఆపి మూట బయటికి తీసింది. గీతలు నల్లబడలేదు, సరిగ్గా కాలని రొట్టెలా గోధుమరంగులో ఆగిపోయాయి. పక్కన చెత్తబుట్టలో నిన్నటి మూట నుంచి ఊడదీసిన టేపు ఉంది, నల్లగా నిగనిగలాడుతూ. చెయ్యి దానంతట అదే వెళ్ళిందని తర్వాత ఎన్నిసార్లు చెప్పుకోవాలని చూసినా కుదరలేదు. చెయ్యి వెళ్ళలేదు, ఆమే పంపింది.

ఇన్‌చార్జిని అందరూ మిలిటరీ అక్క అనేవారు. పంతొమ్మిదేళ్ళుగా ఆ గది ఆవిడ చెప్పుచేతల్లో ఉంది. కళ్ళజోడు పైకి తోసుకుని టేపు చూసింది, నల్లగానే ఉంది, సంతకం గీకింది. కళ్ళు ఉబ్బాయేం, మీ ఆయన గురక పెడతాడా ఏమిటని ఒక చురక కూడా అంటించింది. కొత్తపెళ్ళికూతురు నవ్వింది. ఆ నవ్వు తన మొహానికి అతికించినట్టుగా తనకే తోచింది.

మూట పైకి వెళ్ళిపోయింది. గోడ గడియారంలో తొమ్మిదీ ఇరవై.

ఆమె సింకు దగ్గర నిలబడి ప్రార్థన మొదలుపెట్టింది. ప్రభువా, ఆ మూట ఎవరూ విప్పకుండా చెయ్యి, డాక్టరుకి జ్వరం రానీ, కరెంటు పోనీ. చిన్నప్పటి నుంచీ ప్రతి ఆదివారం చర్చిలో నలుగురితో కలిసి నేను పాపిని అని చెప్పుకున్న మనిషే. ఎవరైనా బాగున్నావా అంటే బాగున్నానన్నంత సులువుగా నోట వచ్చే మాట. ఇవాళ అదే మాట ఒంటరిగా చెప్పబోతే గొంతు దాటలేదు. తను రక్షణ అడగటం లేదని, దొరక్కుండా ఉండటం మాత్రమే అడుగుతున్నానని ఆమెకు తెలుస్తూనే ఉంది. ప్రార్థన పైకప్పుకి తగిలి తిరిగి సింకులోనే పడుతోంది.

తొమ్మిదీ నలభైకి ట్రాలీ తాత మాసిన దుప్పట్లు తెచ్చి పడేసి, నవ్వు ఆపుకోలేక కాసేపు నిలబడ్డాడు. పది గంటల కేసు ఒక దర్జీ అట. బల్ల ఎక్కేముందు డాక్టరుని పట్టుకుని, కుట్లు దగ్గర దగ్గరగా వెయ్యండి సార్, దూరం దూరంగా వేస్తే ఉతుక్కి ఆగవు అన్నాడట. థియేటరంతా ఘొల్లుమందట.

"మత్తు ఇచ్చేశారా, తాతా?" అని అడిగింది ఆమె.

"ఆఁ. గమ్మున పడుకున్నాడు, పాపం. పిల్లలు బయట బెంచీ మీద కూర్చున్నారు."

ఆమె రిజిస్టర్ ముందు కూర్చున్న మిలిటరీ అక్క దగ్గరికి వెళ్ళి నిలబడింది. చెప్పాల్సింది ఎంత పెద్దదైనా నోటికి వచ్చింది చిన్న మాటే.

"అక్కా, ఆ టేపు దొంగది. నేనే అంటించాను. లోపల శుద్ధి కాలేదు."

తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ తిట్టలేదు. ఫోను అందుకుని థియేటర్ నంబరు నొక్కింది. ఎంగేజ్. మళ్ళీ నొక్కింది. ఎంగేజ్.

"పరిగెత్తు. నా మోకాళ్ళతో అయ్యే పని కాదు. పరిగెత్తు!"

మూడంతస్తులు. లిఫ్టు కోసం ఆగితే పుణ్యకాలం కాస్తా దాటిపోతుందని మెట్లెక్కింది. రెండో అంతస్తులో చెప్పు ఊడితే అక్కడే వదిలేసింది. బెంచీ మీద ఇద్దరు పిల్లలు ఒకే బిస్కెట్టు ప్యాకెట్టు మీద చేతులు పెట్టుకుని తగువులాడుతున్నారు. వాళ్ళ ముందు నుంచే పరిగెత్తింది. థియేటర్ తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. అద్దంలోంచి చూస్తే మూట విప్పి పరిచి ఉంది. డాక్టరు చెయ్యి చాచాడు. నర్సు అందిస్తోంది.

రెండు అరచేతులతో అద్దాన్ని బాదింది. అన్ని మొహాలూ ఇటు తిరిగాయి.

"ఆ సెట్టు వాడొద్దు. శుద్ధి కాలేదు. తప్పుడు టేపు నేనే అంటించాను."

కత్తి తిరిగి ట్రేలో పడిన చప్పుడు అద్దం ఇవతలికీ వినిపించింది.

కాసేపటికి మేట్రన్ గదిలో మిలిటరీ అక్కా, ఆ అమ్మాయీ నిలబడ్డారు. దర్జీకి పక్క థియేటర్ నుంచి వేరే సెట్టు తెప్పించి ఆపరేషన్ మొదలుపెట్టారని అప్పటికే కబురు వచ్చింది. మేట్రన్ గొంతు పెంచని మనిషి, అందుకే ఆవిడంటే అందరికీ హడల్. జరిగింది ఫైలులో రాసి పైకి పంపాలనీ, ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సిందేననీ, ఈ అమ్మాయిని ఇవాళే పంపించేస్తున్నాననీ చెప్పింది.

మిలిటరీ అక్క అడ్డుపడింది. ఈ పిల్ల చేసింది తప్పేనని, దాన్ని తక్కువ చేసి చెప్పబోనని అంది. కానీ తనంతట తాను వచ్చి చెప్పిందనీ, చెప్పినవాళ్ళని గెంటేస్తే రేపటి నుంచి ఈ ఆసుపత్రిలో ఎవరూ నోరు విప్పరనీ అంది. ఆ తర్వాత రిజిస్టర్ తెరిచి బల్ల మీద పెట్టింది.

"రెండో సంతకం ఎవరిదైతే జవాబు వాళ్ళదని రూలు. ఇది నా సంతకం. నా పేరు రాయండి మేడమ్."

మేట్రన్ ఆ సంతకం చూసి, పేరు రాసింది. ఆవిడను ఇన్‌చార్జి బాధ్యత నుంచి తీసేసి, రేపటి నుంచి మగవాళ్ళ వార్డులో మామూలు షిఫ్టులకు వేశారు. అమ్మాయికి మెమో లేదు, నోటిమాటగా హెచ్చరిక మాత్రమే, ఉద్యోగం ఉంది.

కిందికి దిగే మెట్ల మీద కొత్తపెళ్ళికూతురికి ఏడుపు ఆగలేదు.

"నేనే మానేస్తానక్కా. మీరు వెళ్ళొద్దు."

"మానేస్తే నీకు తేలిగ్గా ఉంటుంది. నాకేం ఒరుగుతుంది?"

"మరి నేనేం చెయ్యాలి? మీకెలా..."

"ఏమీ చెయ్యకు. నాకోసం ఒకాయన ఇంతకంటే పెద్దది మోశాడు. నేను అడగనూ లేదు, ఆయన నాకు లెక్క చెప్పనూ లేదు. అది ఆదివారం చర్చిలో పాడేసి సోమవారం మర్చిపోతే ఎలాగమ్మా?" ఆవిడ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతోంది. "ఇస్తే పుచ్చుకోవడం కష్టం. నాకూ చాలా ఏళ్ళు పట్టింది. కాదనకు, అంతే."

కాదనాలనే ఉంది ఆమెకు. ఇల్లంతా ఊడ్చి, బట్టలుతికి, జన్మంతా ఆవిడకు సేవ చేసైనా సరిచేసుకోవాలని ఉంది. అవేవీ దీనికి సరితూగవనీ తెలుసు. చివరి మెట్టు దగ్గర ఆవిడ మోకాలు పట్టేసి ఆగింది. కొత్తపెళ్ళికూతురు భుజం అందించింది. ఆవిడ తన బరువంతా దాని మీద వేసి నిలబడింది.

"సరే అక్కా," అంది ఆమె. పొద్దుటి నుంచి అన్ని మాటల్లోకీ ఇదే కష్టమైంది.

"సరే అయితే పద. మధ్యాహ్నం కేసులకి ఇంకా ఆరు మూటలు కట్టాలి," అంది మిలిటరీ అక్క.