పలకల దారి పక్కన మోడు

కారులో ముందు సీట్లో ఎవరు కూర్చోవాలన్న దగ్గరే మొదటి తగువు మొదలైంది.

"మీరు కూర్చోండి బావగారూ, దారి మీకు బాగా తెలుసుగా," అన్నాడు మేస్త్రి.

"దారి మీకూ తెలుసు," అంటూ గార్డు వెనక తలుపు తీశాడు.

మేస్త్రిది కలప కోసే మిల్లు. గార్డు ముప్ఫై ఏళ్ళుగా అటవీశాఖలో కాపలా ఉద్యోగి. మేస్త్రి కూతురు గార్డు కొడుకును చేసుకుని ఏడాదైంది. అప్పటినుంచి వీళ్ళిద్దరూ ఒకరినొకరు బావగారూ అని పిలుచుకోక తప్పడం లేదు. ఆ పిలుపు ఇద్దరికీ గొంతులో ముల్లులాగే ఉండేది.

పన్నెండేళ్ళ కిందట కొండ మీది మంచు సరస్సు పక్కన, ఎవరూ గొడ్డలి పెట్టకూడని అడవిలో, ఒక దేవదారు దగ్గర మేస్త్రిని గార్డు పట్టుకున్నాడు. మంచు గట్టిపడ్డ రోజుల్లో దుంగను కొండ కిందికి సులువుగా జార్చవచ్చు. మేస్త్రి అందుకే ఆ కాలం చూసుకుని వెళ్ళాడు. విచారణలో మాత్రం, అది గాలికి పడిపోయిన చెట్టని, లంచం ఇవ్వనన్నందుకు గార్డు దొంగకేసు బనాయించాడని చెప్పాడు. అధికారులెవరూ ఆరుగంటలు నడిచి ఆ కొండెక్కి చూడలేదు. కేసు కొట్టేశారు. గార్డును ఎనిమిది నెలలు ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు.

అప్పుడు కూతురికి పద్నాలుగేళ్ళు. గార్డు మీద రాసిన అర్జీ పట్టుకుని వీధి వీధీ తిరిగి సంతకాలు పెట్టించింది ఆ పిల్లే. పెద్దదై, అదే గార్డు కొడుకును ఇష్టపడ్డాక, "మీ నాన్న చేసింది నేను మనసులో పెట్టుకోను," అని అతనితో చెప్పింది కూడా. మామగారికి వేళకు అన్నం పెట్టేది, మందులు తెచ్చేది. కళ్ళలోకి చూసి మాత్రం మాట్లాడేది కాదు.

సరస్సు దాకా ఈ మధ్యే రోడ్డు పడింది. చివరి రెండు కిలోమీటర్లు చెక్కపలకల దారి వేసి జనాన్ని రానిస్తున్నారు. ఇద్దర్నీ ఒకరోజు అక్కడికి తీసుకెళితే మాటా మాటా కలుస్తుందని కూతురు పట్టుబట్టి, కారు తనే నడిపింది. అల్లుడికి ఆ రోజే ఆస్పత్రిలో డ్యూటీ పడింది. కావాలనే వేయించుకున్నాడని మేస్త్రి అనుమానం.

గేటు దగ్గర గార్డు కారు దిగి, సెలవు రోజైనా సరే, యూనిఫాం టోపీ పెట్టుకున్నాడు.

"పలకల మీంచి కాలు కిందపెట్టకూడదు. కొమ్మ విరవకూడదు, రాయి తీయకూడదు, నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు."

"ఊపిరి పీల్చుకోవచ్చా?" అన్నాడు మేస్త్రి.

"మెల్లగా పీల్చుకోండి."

దారంతా కూతురు ముందు నడిచింది. మధ్యలో మేస్త్రి, వెనక గార్డు. నలుగురు చేతులు కలిపినా అందనంత లావు చెట్లు రెండు వైపులా దగ్గరదగ్గరగా నిలబడి ఉన్నాయి. కొమ్మల నుంచి బూజులాంటి నాచు వేలాడుతోంది. మిట్టమధ్యాహ్నం పూట కూడా దీపం తీసిన గదిలా ఉంది. మేస్త్రి కళ్ళు అలవాటు చొప్పున ఒక్కో మాను పొడవునూ కొలుస్తున్నాయి. వెనకనుంచి గార్డు బూట్ల చప్పుడు తన మెడ మీదే పడుతున్నట్టుంది.

"ఎంతసేపు నా వెనకే నడుస్తారు?"

"అలవాటైపోయింది," అన్నాడు గార్డు.

చెట్లు విడిపోగానే సరస్సు కనబడింది. అవతల గట్టు అంతా మంచు. దాని కింది అంచు బూడిదరంగులో మురికిగా ఉంది. కొండరాయి అరిగి కలిసిన నీళ్ళు పాలు కలిపిన నీలంలా, అడుగు కనబడకుండా ఉన్నాయి. గాలి చెంపలు కోస్తోంది. ఉండుండి మంచులోపల ఏదో ఫెళ్ళున పగులుతోంది. చూడటానికి వచ్చినవాళ్ళని ఆ చోటు రమ్మన్నట్టూ లేదు, పొమ్మన్నట్టూ లేదు. ముగ్గురూ కాసేపు చూశారు. మాటా మాటా కలవలేదు. కూతురు తెచ్చిన టీ ఫ్లాస్కును ఎవరూ ముట్టుకోలేదు.

తిరిగి వచ్చేది ఇంకో వైపు దారి. ఆ వంపు తిరగ్గానే మేస్త్రి కాళ్ళు ఆగిపోయాయి. పలకలకు పది అడుగుల దూరంలో ఒక మోడు ఉంది. దాని పక్కనే, కింద పడి నాచు పట్టిన మాను. ఒళ్ళంతా జానెడేసి మొక్కలు మొలిచి ఉన్నాయి.

"నాన్నా, ఇదేనా ఆ చెట్టు?" అంది కూతురు.

"ఏ చెట్టు? ఇలాంటివి వంద ఉంటాయి. పద, చలిగా ఉంది."

ఆమె కదల్లేదు. రంపపు పొట్టులో ఆడుకుంటూ పెరిగిన పిల్ల. కోతను చూస్తే ఏ రంపమో చెప్పగలదు.

"గాలికి పడిన చెట్టయితే వేళ్ళతో లేస్తుంది కదా. దీని వేళ్ళు భూమిలోనే ఉన్నాయి. పైన బల్లలాగా చదునుగా ఉంది. ఇటుపక్క గాటు పెట్టి, అటుపక్కనుంచి కోశారు."

"ఇంకెవడో కోసి ఉంటాడు."

"గాటు ఎడమచేతి వాటం, నాన్నా."

మేస్త్రి గార్డు వైపు తిరిగాడు. "కావాలనే ఇటు దారి వేయించారు."

"దారి వేసింది ఇంజినీరు. నేను వద్దనలేదు."

"మామయ్యా, మీరెందుకు చెప్పలేదు?" అంది కూతురు. ఏడాదిలో మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది.

"చెబితే నమ్మేదానివా? అర్జీ పట్టుకుని మా ఇంటి తలుపు కూడా తట్టావు. సంతకం పెట్టమని మా ఆవిడనే అడిగావు."

ఆమె మొహం పాలిపోయింది. మేస్త్రికి అది చూడటం చేతకాలేదు. "ఇది ఆ చెట్టు కాదు, చూపిస్తా ఉండు," అంటూ పలకల మీంచి కిందికి దూకాడు. గార్డు ఆగమని అరిచాడు. నాలుగో అడుగు నాచు మీద పడింది. నాచు కింద నేల లేదు. కుళ్ళిన వేళ్ళ మధ్యనున్న బొరియలోకి కాలు తొడదాకా దిగిపోయి, చీలమండ దగ్గర ఏదో కలుక్కుమంది.

గార్డు పరిగెత్తలేదు. ఊడి ఉన్న పలక ఒకటి తీసి నాచు మీద పరిచి, దాని మీద బోర్లా పడుకుని పాకుతూ వచ్చాడు. మేస్త్రి చంకల కింద చేతులు వేశాడు.

"నేనే వస్తాను, వదలండి."

"వచ్చేవారే అయితే వచ్చి ఉండేవారు. కదలకండి."

ఒక బూటు లోపలే ఉండిపోయింది. కూతురు పలక మీదినుంచి చెయ్యి జొనిపి దాన్ని లాగింది గానీ తండ్రికి ఇవ్వలేదు. చేత్తోనే పట్టుకుంది.

గేటు దాకా గార్డే వీపున మోశాడు. సగం దారిలో ఆయాసపడుతుంటే మేస్త్రి, "దించండి, కుంటుకుంటూ నడుస్తాను," అన్నాడు.

"మిమ్మల్ని ఇక్కడ వదిలితే ఇంకేం కోస్తారో. నోరు మూసుకుని కూర్చోండి బావగారూ."

గేటు గదిలో కుర్చీలో కూలబడేసి, గార్డు ఫారం తీసి కలం పట్టుకున్నాడు.

"దారి దిగినవాళ్ళకి మూడేళ్ళు ప్రవేశం లేదు. దిగడానికి కారణం?"

"మీకు తెలియదా?"

"మీ నోటితో చెబితేనే రాస్తాను."

మేస్త్రి కూతురి వైపు చూశాడు. ఆమె బూటు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పన్నెండేళ్ళుగా ఈ మనిషంటే తనకు ఒళ్ళు మంట. దానికి కారణం కేసు పెట్టడం కాదని అతనికి ఎప్పుడో తెలుసు. తాను నాశనం చేసిన మనిషి రోజూ కళ్ళెదుట తిరగడమే ఆ మంట. మేస్త్రి కలం లాక్కుని ఫారం మీద ఎడమచేత్తో రాశాడు. నిలబడి ఉన్న చెట్టును నేనే కోశాను. గార్డు నన్ను ఏమీ అడగలేదు. లంచం మాట నేను కల్పించాను.

గార్డు రెండుసార్లు చదివాడు.

"ఇది ఈ ఫారంలో పనికిరాదు. వేరే కాగితం మీద, తేదీ వేసి, మొదటినుంచి రాయండి."

మేస్త్రి మళ్ళీ రాశాడు. గార్డు ప్రతి పేజీ కింద సంతకం పెట్టించుకున్నాడు.

"క్షమించమని అడగను," అన్నాడు మేస్త్రి.

"అడిగినా ఇవ్వను. మూడేళ్ళ దాకా ఇటు రాకండి."

"రమ్మన్నా రాను."

ఇంటికి వెళ్ళే దారిలో గార్డు ముందు సీట్లో కూర్చున్నాడు. మలుపు మలుపుకీ కాలు సలుపుతుంటే మేస్త్రి మూలగకుండా పళ్ళు బిగపట్టాడు.

నాలుగు నెలల తర్వాత, గార్డు మీది పాత నింద కొట్టేస్తూ ఆఫీసునుంచి ఉత్తర్వు వచ్చింది. మిల్లును ఆరు నెలలు మూయించారు. అల్లుడు ఒకసారి వచ్చాడు. మీ నాన్న ఏమన్నాడని మేస్త్రి అడిగాడు.

"చదివి బీరువాలో పెట్టాడు. మీ మాట ఎత్తలేదు."

"ఎత్తడు," అన్నాడు మేస్త్రి.

ఆ తర్వాతి ఆదివారం కూతురు వచ్చింది. కొండ దిగాక ఆ గడప దగ్గరికి రావడం అదే మొదలు. లోపలికి రాకుండా తలుపు పట్టుకుని నిలబడింది.

"టీ పెట్టనా?" అన్నాడు మేస్త్రి.

"వద్దు."

అతను కుర్చీ గుమ్మం దగ్గరికి జరిపాడు. ఆమె కూర్చోలేదు. చాలాసేపటికి ఆమె, "మంచినీళ్ళివ్వు," అంది.