ఐస్‌పుల్ల మేడం ఇచ్చిన చోటు

విశ్వవిద్యాలయ గ్రంథాలయపు పఠనమందిరం మధ్యనుంచి నల్లటి తారురోడ్డు పోతోంది, రెండు వైపులా పుస్తకాల అరలు పందెపు బాటకు కట్టిన గోడల్లా వెనక్కి పరుగెడుతున్నాయి, మా మాణిక్యం అక్క కారు తోలుతోంది. నేను పక్కసీటులో, ఆమె బతికి ఉన్నప్పుడు కంప్యూటరు ముందు ఆమె పక్కన కూర్చున్నట్టే, రాబోయే మలుపులను ముందుగా చదివి చెప్పడానికి సిద్ధంగా కూర్చుని ఉన్నాను. కారులో స్టీరింగు చక్రం లేదు, కాళ్ళ దగ్గర బ్రేకు లేదు, యాక్సిలరేటరు లేదు. అవి ఉండవలసిన చోట కాకినాడలో మా ఇంటి కంప్యూటరు బల్ల ఉంది, బల్ల మీద జాయ్‌స్టిక్ ఉంది, దాని మీద అక్క కుడిచెయ్యి ఉంది. ముందుకు తోస్తే వేగం, వెనక్కి లాగితే బ్రేకు, పక్కలకు వంచితే మలుపు. పోయిన వానాకాలంలో ఆస్పత్రిలో ఈ చేతినే, అది పూర్తిగా చల్లబడేదాకా, నేను పట్టుకుని కూర్చున్నాను. ఆ సంగతి నాకు స్పష్టంగా గుర్తుంది, అయినా ఇప్పుడది వెచ్చగా, చురుగ్గా కదులుతూ ఉండడంలో వింతేమీ తోచడం లేదు.

"మలుపు చెప్పవేంరా పండితుడా? నిద్రపోతున్నావా?" అంటోంది అక్క.

నిద్రపోతున్నానని ఒప్పుకోవడం మర్యాద కాదనిపించి, "కుడికి, మెల్లగా మొదలై చివర్లో బిగుసుకుంటుంది" అంటున్నాను.

"చివర్లో బిగుసుకునేది నువ్వు. మలుపు పాపం బానే ఉంది" అని, వేళ్ళతో తప్ప మణికట్టుతో పని లేనట్టుగా జాయ్‌స్టిక్ పుల్లను ఒక్క పిసరు వంచుతోంది, అరలు పక్కకు ఒరిగి మాకు దారి ఇస్తున్నాయి.

ఆమె కాళ్ళకు ఇనపపట్టీలు అలాగే ఉన్నాయి. మూడేళ్ళ వయసులో పోలియో వచ్చిననాటి నుంచి అవి లేని అక్కను నేను ఎరగను, అయినా ఇప్పుడవి కనబడడం నాకు కొంచెం కష్టంగానే ఉంది.

"అక్కడ నీకు కాళ్ళివ్వలేదా అక్కా?"

"ఇస్తామన్నారు. ఇన్నేళ్ళూ వీటితో నెగ్గుకొచ్చాను, ఇప్పుడు కొత్తవి తగిలించుకుని మళ్ళీ తప్పటడుగులు వెయ్యమంటారేంటండీ అన్నాను. నోరు మూసుకున్నారు."

అరలు పలచబడుతున్నాయి, వాటి మధ్యనుంచి గోదావరి కనిపిస్తోంది, రోడ్డు వంతెన ఎక్కుతోంది. అక్క కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన ఏడాది, ఇక కారు తోలి తీరతానని కూర్చుంది. కాళ్ళతో కుదరదు కనుక కంప్యూటరులో తోలింది. చెయ్యి ఒక్కటే చాలే జాయ్‌స్టిక్ కొనిపించుకుని, ఆదివారం సాయంత్రాల్లో ఇంటర్నెట్ మీద పందేలు కట్టుకునే ఆంధ్రా కుర్రాళ్ళ జట్టులో చేరింది. వాళ్ళందరికీ స్టీరింగు చక్రాలూ పెడల్సూ ఉన్నాయి. పుల్లతో బ్రేకు సరిగ్గా పడదని, పుల్ల పట్టుకున్నవాళ్ళు మలుపుల్లో ముందు కారును గుద్దక తప్పదని వాళ్ళ నమ్మకం. చేరిన మొదటిరోజే నెల్లూరు నుంచి పెంచల్ రెడ్డి అనే పళ్ళ డాక్టరు, "ఏంది మేడం, పుల్లతో ఐసు తింటారు గానీ కారు తోల్తారా యాడన్నా?" అన్నాడు. ఆ పందెంలో అక్క అతని కన్నా ముందు వచ్చింది. మరుసటి వారం నుంచి తెర మీద ఆమె కారు పైన ఆమె పెట్టుకున్న పేరు 'ఐస్‌పుల్ల'.

"ఇదే కదూ ఆ మలుపు?" అంటోంది ఇప్పుడు.

నిజమే, ఇదే. వంతెన మీద మలుపు ఉండదని నాకు తెలుసు, కానీ ఉంది. ఆమె చివరి పందెంలో ఉన్నట్టే, ఎడమకు, ఏటవాలుగా. పెంచల్ మొదట, అక్క రెండో స్థానంలో. దాటితే ఆ ఏడాది కప్పు ఆమెది. ఆ మలుపులో ఆమె కారు ముక్కు అతని కారు వెనక అంచుకు తగిలింది. ఎంతో కాదు, తగిలీ తగలనట్టు. అతని కారు గిర్రున తిరిగి గడ్డిలోకి పోయింది. తానే జారాననుకున్నాడు అతను. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. అక్క మాత్రం పుల్లను వెనక్కి లాగి, రోడ్డు వారగా కారు నిలిపి, అతను మళ్ళీ రోడ్డెక్కి తనను దాటి వెళ్ళేదాకా ఆగింది. రెండో స్థానంలోనే ముగించింది. ఎదుటివాళ్ళ మీద ఇంత దయ అయితే ఇక పందేలెందుకని ఆ రోజు నేను వాదించాను. తర్వాత చెబుతానంది. తర్వాత జ్వరం వచ్చింది.

"ఆ వేళ ఎందుకు ఆగావో నువ్వు నాకు చెప్పలేదు" అంటున్నాను.

"నోటితో చెబితే నిఘంటువులో రాసుకుంటావు. ఇదిగో, పట్టుకో."

మేమిద్దరం కదలలేదు, కానీ ఇప్పుడు పుల్ల నా చేతిలో ఉంది, పక్కసీటు ఆమెది. బతికున్నన్నాళ్ళూ ఆమె దాన్ని నాకు ముట్టనివ్వలేదు. నీకు నోరుంది గానీ చెయ్యి లేదురా అనేది. ఆమె పోయాక, గుమ్మం దాటని నా దినచర్యలో, నిఘంటువుకు పదాలు కూర్చే పని ముగిశాక రోజూ నేను దానితో సాధన చేస్తున్న సంగతి చెప్పాలనుకుంటున్నాను, కానీ ఆమె నా ముఖం వైపు కాక నా వేళ్ళ వైపు చూస్తోంది, అక్కడ ఆమెకు అంతా కనిపిస్తున్నట్టే ఉంది.

"అబ్బో" అంటోంది. "ఎవరు నేర్పారేం?"

"నువ్వే. చూసి నేర్చుకున్నాను."

"మరి భుజం ఎందుకలా పైకెత్తావు? బస్తా మొయ్యడం లేదుగా నువ్వు?"

భుజం దించుతున్నాను, వంతెన వంగుతోంది, ముందు పెంచల్ కారు, దాని ఎర్రదీపాలు వెలుగుతున్నాయి, నేను లాగవలసిన క్షణం కన్నా ఒక ఊపిరి ఆలస్యంగా లాగుతున్నాను, తగిలింది. తగిలీ తగలనట్టు. అతని కారు నీళ్ళలాంటి గడ్డిలోకి గిర్రున తిరుగుతోంది, ముందు రోడ్డంతా ఖాళీగా, తెల్లగా, నా కోసమే పరిచినట్టు ఉంది, ఆలోచన రాకముందే నా చెయ్యి పుల్లను పొట్ట దాకా వెనక్కి లాగి పట్టుకుంది. కారు ఆగింది. వంతెన కింద నది కూడా ఆగి చూస్తోంది.

"వాడి మీద జాలేసిందా?" అంటోంది అక్క, చాలా మెల్లగా.

"లేదు."

"మరి?"

తగిన మాట కోసం వెతకడం నా వృత్తి. ఇప్పుడు వెతకవలసిన అవసరం రావడం లేదు. "ఇలా వచ్చే గెలుపు ఐస్‌పుల్ల అన్న పేరుకు తగదనిపించింది."

అక్క తొడ మీద చరుచుకుని నవ్వుతోంది, ఇనపపట్టీలు గలగలమంటున్నాయి. "అద్దీ! దయేంట్రా నాకు? పళ్ళు పీకేవాడి మీద నేను దయ చూపించేదేంటి? గర్వంరా, గర్వం! అలా గెలిచుంటే ఏమనేవారు? పుల్లతో తోలితే గుద్దెయ్యక ఏం చేస్తుందిలే అనేవారు. వాళ్ళు అననక్కర్లేదు, నేనే అనుకునేదాన్ని. కప్పు ఇంట్లో పెట్టుకుని రోజూ దాని మొహం చూడాలిగా నేను?"

ఏడాదిగా నా గుండెలో అడ్డం పడి ఉన్నది ఏదో కదిలి తప్పుకుంటోంది. మెత్తదనం అనుకుని నేను మందలించినది, మా ఇంట్లో అన్నిటికన్నా గట్టిదన్నమాట.

"పెంచల్ ఫోన్ చేశాడక్కా. ఈ సాయంత్రం ఏడాదిలో చివరి పందెం. నువ్వు పోయినప్పటి నుంచీ నీ చోటు ఖాళీగానే ఉంచారు. 'మేడం చోటు ఇంకొకరికి ఇయ్యాలంటే మనసొప్పడంలా సార్, మీరు రాండి, చక్రం నేను పంపిస్తా' అన్నాడు. నేనింకా జవాబు చెప్పలేదు. నీలా తోలలేను నేను."

"నాలా ఎవడు తోల్తాడ్రా? ఆ ఆశ వదిలెయ్. ఆఖర్న రా, ఫర్లేదు. గుద్ది మాత్రం ముందు రాకు."

"చక్రం..."

"చక్రం నెల్లూర్లోనే ఉండనీ. ఐస్‌పుల్ల అని పేరు పెట్టుకుని చక్రంతో దిగుతావా? సిగ్గులేదూ?"

పెంచల్ కారు గడ్డిలోంచి లేచి, తడి తుడుచుకుంటున్నట్టు ఊగి, మమ్మల్ని దాటి పోతోంది. వంతెన అవతల అరలు మళ్ళీ మొలుస్తున్నాయి, వాటిలో పుస్తకాలకు బదులు జనం నిలబడి చూస్తున్నారు. నేను ఇంకా పుల్లను వెనక్కే పట్టుకుని ఉన్నాను. అప్పుడు అక్క, పక్కసీటులో నిటారుగా కూర్చుని, మా రోడ్ల మీద తిరిగే పాసింజరు బస్సు కండక్టరులా తలుపు మీద అరచేత్తో రెండుసార్లు కొడుతోంది.

"రైట్ రైట్! పోనీ డ్రైవరూ!"

నన్ను ఆమె ఆ మాట అనడం ఇదే మొదటిసారి అని నేను చెప్పబోతూ ఉండగా తెల్లవారుతోంది.

కిటికీలో కాకినాడ ఎండ. దుప్పటి అంచు నా కుడిపిడికిట్లో నిలువుగా మెలిపడి ఉంది, దాన్ని పొట్టకేసి గట్టిగా లాగి పట్టుకుని ఉన్నాను. ఎంతసేపటి నుంచో ఏమో, వేళ్ళు తిమ్మిరెక్కి ఒకటీ తెరుచుకోవడం లేదు. వాటిని అలాగే ఉండనిచ్చి, ఫోన్ అందుకుని, ఎడమచేత్తో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ పెంచల్‌కు రాస్తున్నాను: చక్రం వద్దు డాక్టరుగారూ, పుల్లతోనే వస్తున్నాను.