రెక్క లేవని ఆదివారం

ఆ పొద్దున గొడవ టోపీ దగ్గర మొదలైంది. మా ఆయన టోపీ నడినెత్తిన ఊడిన బొత్తాన్ని ముందురోజు నేను శ్రద్ధగా కుట్టిపెట్టాను. ఆయన కత్తెర తెచ్చి మళ్లీ కోసేశారు. గ్లైడర్‌లో గాలి కుదిపితే తల వెళ్లి పై అద్దానికి కొట్టుకుంటుందట, బొత్తం నెత్తిలో దిగుతుందట. ఇరవై ఏళ్లుగా చెబుతున్నానన్నారు. ఆ ఇరవై ఏళ్లలో ఒక్కసారైనా సూది పట్టుకున్నారా అన్నాను. మీ ఇద్దరి పంచాయితీ తేలేసరికి గాలి దిశ మారిపోతుంది, పదండని మా అమ్మాయి తలుపు తీసింది.

ఆయన గ్లైడింగ్ క్లబ్బులో, ఇంజను లేని విమానం నడపడం నేర్పే శిక్షకుడు. వారమంతా ఆఫీసులో గడిపినా, ఆయన బతికేది ఆదివారం నేర్పేవాళ్లు కూర్చునే ఆ వెనక సీటు కోసమే. రెండో శిక్షకుడు డాక్టరు గారు మూడు వారాలుగా రావడం లేదు. పైకి తీసుకెళ్లాల్సిన వాళ్లందరూ ఈయన మీదే పడ్డారు. వారంలో ఒక్కరోజూ విశ్రాంతి లేక శనివారం రాత్రి భోజనం దగ్గరే కునుకు తీసేవారు.

షెడ్డులో ఒకదాని రెక్క కింద ఇంకొకటి దూర్చి పెట్టిన గ్లైడర్లను బయటికి లాగడానికే గంట పట్టింది. రెండు సీట్లదాన్ని రిపేరు నుంచి తెచ్చి, ముందురోజు సాయంత్రమే రెక్కలు బిగించారు. అలా బిగించాక ఒకరు లోపల కూర్చుని నడిపే కర్ర కదపాలి. ఇంకొకరు రెక్క వెనక అంచున కదిలే పలకను చేత్తో గట్టిగా అదిమి పట్టాలి. లోపలి బలం బయటి చేతికి తెలియాలి. క్లబ్బులో అందరికీ ఇది నేర్పింది ఆయనే. బిగించినవాళ్లు నిన్ననే చూశామన్నారు. ఆ మాట మీదే ఆయన తనిఖీ పుస్తకంలో సంతకం పెట్టేశారు.

ఎవరు ఎన్నింటికి లేచారో, ఎన్నింటికి దిగారో రాయడం నా పని. మడత బల్ల వేసుకుని కూర్చున్నాను. గ్లైడర్ గాలిలోకి లేచేలా తీగను చుట్టి లాగే యంత్రం, వించ్, కిలోమీటరు అవతల ఉంటుంది. దాన్ని నడిపే బాబాయికి మా మాట వినపడదు. అందుకే తీగ తగిలించాక, రెక్క కొస పట్టుకున్న మనిషి దాన్ని నేలమీంచి సమంగా ఎత్తితేనే అంతా సిద్ధమని అర్థం. అప్పుడు ఇవతల సైగ దీపం వెలిగిస్తారు, అది చూసి బాబాయి లాగుతాడు.

మొదటి వంతు నేర్చుకోవడానికొచ్చే మందుల షాపాయనది. అతను ముందు సీట్లో కూర్చుని కర్ర అటూ ఇటూ తిప్పి, అన్నీ సరిగ్గా కదులుతున్నాయని తనిఖీ జాబితా గడగడా చదివాడు. వెనక నుంచి మా ఆయన ఊఁ అన్నారు. తీగ తగిలించారు. రెక్క కొస దగ్గర మా అమ్మాయి వంగింది కాని ఎత్తలేదు.

"ఆపండి" అంది.

ఆ మాట మైదానంలో ఎవరైనా అనవచ్చు. తీగ విప్పేదాకా ఎందుకని ఎవరూ అడగకూడదు. విప్పారు.

"నాన్నా, కర్ర ఇంకోసారి కదుపు."

అవతలి రెక్క పలక లేచి దిగింది. మా అమ్మాయి చేతి పక్కనున్నది కదల్లేదు. లోపల కర్రకూ ఆ పలకకూ మధ్య కడ్డీ కలపనే లేదు.

మందుల షాపాయన కిందికి దిగి, "చీటీ రెండుసార్లు చదవందే మాత్ర ఇవ్వనండీ నేను. ఇక్కడ చూడకుండానే చదివేశాను" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, మా ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. ఒక్కరైనా తిడితే బాగుండేదనిపించింది. ఆయన ఆ రోజుకు ఇక ఎవరూ ఎగరడం లేదన్నారు. తెచ్చినవన్నీ మళ్లీ షెడ్డులోకి తోయడానికి ఇంకో గంట. నా కాగితం మీద తేదీ తప్ప ఏమీ లేదు.

ఇంటికొచ్చి సాయంత్రం దాకా పడుకున్నారు. నిద్రపోలేదు. ఒకసారి వరండాలోకి వెళ్లి ఎవరితోనో ఫోన్లో నెమ్మదిగా మాట్లాడి వచ్చారు.

చీకటి పడుతుండగా ముగ్గురికీ వడ్డించాను. ఆయన రెండు ముద్దలు తిని చెయ్యి ఆపారు.

"పై ఊళ్లో ఉండే పెద్ద శిక్షకుడితో మాట్లాడాను. వచ్చే వారం నుంచి వెనక సీట్లో కూర్చోను."

"కొన్నాళ్లా?" అన్నాను.

"నాకు నేర్పడం చేతనవుతుందని ఆయన మళ్లీ పరీక్ష పెట్టి తేల్చేదాకా. అది ఎప్పుడో నేను అడగలేదు."

"ఒక్కసారే కదా నాన్నా జరిగింది" అంది అమ్మాయి.

"నువ్వు చూసింది ఒక్కసారి. మిగతా వారాలు నేనేం చూశానో నాకే గుర్తు లేదమ్మా."

డాక్టరు గారు కూడా రాకపోతే క్లబ్బులో నేర్పేదెవరని అడిగాను. ఎవరూ లేకపోతే ఆ ఆదివారం ఎగరరు, అంతే అన్నారు. తర్వాత కంచం దగ్గరికి లాక్కుని, మిగిలింది మెల్లగా తిన్నారు.